ఇద్దరి శాఖలో ఏకగ్రీవం

మా పార్టీ శాఖ సమావేశం ఎప్పుడు జరిగినా మొదటి అంశం అంతర్జాతీయ పరిస్థితే. రోడ్డు గుంతలు పడనీ, కుళాయిలో నీళ్లు ఉప్పగా రానీ, అవన్నీ ఆఖర్న. ముందు ప్రపంచం సంగతి తేలాల. పదకొండు మందిమి ఉన్నప్పుడూ అంతే, ఇద్దరం మిగిలినప్పుడూ అంతే.

ఆ ఇద్దరిలో ఒకడిని నేను. మైపాడు పోయే రోడ్డు మీద టైలరు షాపు నాది. రెండోవాడు సముద్రం ఒడ్డున పాళెంలో వలలు బాగుచేసేవాడు. నాకంటే పదేళ్లు చిన్న, అన్నా అని పిలిచేవాడు. మిగతా వాళ్లలో కొందరు కాలం చేసినారు, కొందరు గెలిచే పార్టీల్లో చేరినారు. నెలకో ఆదివారం సాయంత్రం షట్టరు సగం దించి, కుట్టుమిషను బల్ల మీద మినిట్స్ పుస్తకం పెట్టుకునేవాళ్లం. ఇద్దరమే అయినా పద్ధతి పద్ధతే. వాడు అధ్యక్షుడు, నేను కార్యదర్శి. నేను లేచి నిలబడి "అధ్యక్షా" అంటే వాడు నవ్వాపుకోలేక చచ్చేవాడు. "కూర్చోన్నా, నీ మోకాళ్లు అరుస్తా ఉండాయి" అనేవాడు. నా భార్య పోయినాక ఆ ఒక్క ఆదివారం కోసమే నెలంతా బతికినాను, ఇందులో దాచేదేముంది.

ఒకసారి పైకమిటీ నుంచి తీర్మానం వచ్చింది, ఆమోదించి పంపమని. పార్టీకి ఎప్పటినుంచో స్నేహంగా ఉండే ఒక పెద్ద దేశం. దాని అంచున కొండల్లో ఒక చిన్న జనం. మా భాష వేరు, మా బతుకు వేరు, మమ్మల్ని మేమే ఏలుకుంటాం అంటున్నారు వాళ్లు. ఇది విచ్ఛిన్నకర శక్తుల కుట్ర, ఖండిస్తున్నాం అని ఉంది తీర్మానంలో.

వాడు అంతా విన్నాడు. "పోయిన నెల ఇంకో దేశం జనానికి స్వయం నిర్ణయాధికారం ఉండాల్సిందే అని చెయ్యెత్తినాం గదన్నా. వీళ్లకెందుకు లేదు?"

"పరిస్థితులు వేరు" అన్నాను.

"ఏంది వేరు? వాళ్లని అడిగినారా ఎవరన్నా?"

నాకు తెలియదు. తెలియదు అని ఒక్క మాట అంటే సరిపోయేది. ఆ ముక్క నా నోటికి రాదు, అదే నా జబ్బు. "పార్టీ ఆలోచించకుండా రాస్తాదా? వలలు కుట్టుకునేవాడివి, విదేశాంగ విధానం గురించి నీకేం తెలుసు?" అనేసినాను. గుడ్డలు కుట్టుకునే నాకేం తెలుసని మాత్రం అనుకోలా. నోరు మంచిదైతే ఊరు మంచిదని నా భార్య ఊరికే అనేది కాదు.

వాడికి కోపం రాలా. వచ్చి ఉంటే బాగుండేది. "అన్నా, మా పాళెంలో పెద్దలు దురాయి వేస్తే ఆ కట్టుబాటుకి అందరూ తలొంచాల్సిందే. ఎప్పుడు వేటకు పోకూడదో, ఎవరికి ఓటెయ్యాల్నో వాళ్లే చెప్తారు. నన్నెప్పుడూ అడగలా. ఈడైతే అడుగుతారనే గదా నీ దగ్గరికొచ్చింది" అన్నాడు.

ఓటింగు పెట్టినాను. అటొకటి, ఇటొకటి. సమానమైతే అధ్యక్షుడి మాటే చెల్లాల, ఇద్దరికీ తెలుసు. వాడు నా మొహం చూసి, "పోనీలే అన్నా" అన్నాడు. నేను అదే అదనుగా పుస్తకంలో "ఏకగ్రీవంగా ఆమోదించడమైనది" అని రాసి సంతకానికి వాడి ముందుకు తోసినాను. వాడు చదివినాడు. పెన్ను మూతపెట్టి బల్ల మీద పెట్టి, షట్టరు పైకెత్తి వెళ్లిపోయినాడు.

మళ్లీ నెల వాడు రాలా. ఆ పై నెలా రాలా. నేను మాత్రం షట్టరు సగం దించి, అంతర్జాతీయ పరిస్థితి పైకే చదువుకునేవాడిని. ఒకరోజు జాకెట్ల కోసం వచ్చినామె వంగి లోపలికి తొంగిచూసి, "ఎవరితో మాట్లాడతా ఉండావు పెద్దాయనా?" అంది. సిగ్గుతో చచ్చినాను.

రెండేళ్లకి పార్టీ మాట మార్చింది. ఆ కొండల జనం ఆకాంక్షలను గుర్తించాల్సిందే అని సర్క్యులర్ వచ్చింది. అబ్బ, ఎంత సంబరపడినానో! వాళ్ల కోసం కాదు, వాడి దగ్గరికి పోవడానికి నాకొక వంక దొరికిందని. సభ్యత్వం ఫారం తీసి వాడి పేరు, తండ్రి పేరు, వృత్తి అన్నీ నేనే రాసినాను. పాత ఫైల్లోంచి ఫోటో ఊడదీసి అంటించినాను. సంతకం చోట పెన్సిలుతో ఇంటూ గుర్తు పెట్టి, ఆటో ఎక్కినాను.

పడవ నీడలో కూర్చుని కాలివేలికి వల తగిలించుకుని ముడులు వేస్తా ఉన్నాడు. "రా అన్నా" అని చోటిచ్చినాడు, టీ తెప్పించినాడు. సర్క్యులర్ చదివి వినిపించినాను.

"మంచిదే. వాళ్లకి మేలు జరిగితే చాలు" అన్నాడు.

అప్పుడు ఫారం తీసిచ్చినాను. వాడు తన పాత ఫోటో కేసి చాలాసేపు చూసినాడు.

"అన్నీ నింపేసినావే."

"నీకు శ్రమెందుకని."

"నన్నడిగినావా అన్నా?"

నవ్వుతానే అన్నాడు. ఫారం నా చేతికిచ్చి మళ్లీ వల అందుకున్నాడు. నేను టీ తాగి, గ్లాసు పక్కన పెట్టి, వస్తానని లేచినాను.

రోడ్డు మీద ఆటో కోసం నిలబడినప్పుడు తట్టింది నాకు. అప్పుడన్నా అడిగి ఉండొచ్చు గదా, మళ్లీ వస్తావా అని. ఫారం మడిచి జేబులో పెట్టుకున్నానే గానీ, అడగలా.