తులిప్ పూలకు తాంబాళం

తులిప్ తోట ఏ రోజు తెరుస్తారో ముందుగా ఎవరూ గట్టిగా చెప్పలేరు. చలి తగ్గాలి, మొగ్గలు విచ్చాలి, అప్పుడు తెరుస్తారు. నెల తిరిగేసరికి పూలన్నీ అయిపోతాయి. సిరిసిల్లలో జాకెట్లు కుట్టి బతికే నాకు ఇది బొత్తిగా కుదరని వ్యవహారం, ఎందుకంటే సరిగ్గా అప్పుడే పెళ్లిళ్లు ముంచుకొస్తాయి. అయినా ఈసారి కశ్మీరు పోవాల్సిందేనని పట్టుబట్టాను. మా ఆయన సాంచాలు నడుపుతాడు. మరమగ్గాలను మా ఊళ్లో అలాగే అంటాం. "పూలు సూసుటానికి గంత దూరం రైల్ల పోవాల్నా?" అన్నాడు. పోవాలి అన్నాను. నా మొండితనం తెలిసినవాడు కనుక టికెట్లు తీశాడు.

నిజానికి పూల పిచ్చి నాది కాదు, మా అమ్మది. కోరుట్లలో బీడీలు చుట్టే మా అమ్మ బతుకమ్మ పేరిస్తే వాడంతా వచ్చి చూసేది. తంగేడు ఒక వరస, గునుగు ఒక వరస, ఎక్కడా వంకర ఉండేది కాదు. నాన్న పోయిన ఏడాది నుంచి ఆమె పువ్వు ముట్టలేదు. మూడు బతుకమ్మలు అలాగే గడిచాయి. ఎవరూ వద్దనలేదు, కానీ రమ్మని కూడా అనలేదు. వాడలో ఎవరు ముందు నడవాలో, ఎవరు వెనక నడవాలో చెప్పే పక్కింటి పెద్దమ్మ కూడా మా గడప ముందు నుంచి తలవంచుకుని పోయేది. అమ్మ చాట ఒళ్లో పెట్టుకుని, పాట వినిపిస్తున్నంతసేపూ బీడీలు చుట్టేది. అది చూడలేక నాకు ఒళ్లు మండేది. ఆమెను మళ్లీ పూల మధ్య నిలబెట్టాలన్నదే నా పంతం.

అమ్మ ఒక పట్టాన ఒప్పుకోలేదు. రెండు వారాలు ఫోన్లో బతిమాలాను.

"నేను రాను బిడ్డా. మీరిద్దరు పోయి రాండ్రి. నాకు ఆకు నానవెట్టినది ఉన్నది."

"అమ్మా, అది పూల పండుగ. దేశమంత అచ్చి సూస్తది."

"ఎన్నొద్దులు జేస్తరు?"

"నెల దాంక ఉంటది."

"నెలనా! మనం తొమ్మిదొద్దులకే అలిసిపోతం గదనే." అంతలోనే "మరి గా పూలు తెంపుకోనిస్తరా?" అంది.

అప్పుడే నిజం చెప్పాల్సింది. కానీ అన్ని రోజులు ససేమిరా అన్న మనిషి అప్పుడప్పుడే మెత్తబడుతోంది. నోట్లో గుండుసూది, మిషను మీద పెళ్లికూతురి జాకెట్టు. "ఎన్నంటే అన్ని," అనేశాను.

ఆ మరుసటి రోజు నుంచి తనే ఫోన్ చేయడం మొదలుపెట్టింది. కాడ గట్టిగుంటుందా, ఎన్ని రంగులుంటాయి, దగ్గర్లో చెరువేమైనా ఉందా అని ఆరాలు. పక్కనే పెద్ద చెరువుందని చెబితే మహా సంబరపడింది. "ఆడ మనోళ్లెవరన్న ఉంటరా?" అని అడిగింది. ఎవరూ ఉండరన్నాను. "మంచిదే తియ్," అంది. అదేం మాటో నాకు అర్థం కాలేదు, ఆలోచించే తీరికా లేకపోయింది.

స్వెట్టర్ల కోసం ఇద్దరం జగిత్యాలలో కలుసుకున్నాం. నెత్తి మాడే ఎండలో దుకాణాయన మమ్మల్ని ఎగాదిగా చూసి, "ఎండాకాలంల స్వెట్టరేందమ్మా?" అని అటక మీంచి ధూళి దులిపి ఒక మూట దించాడు. అమ్మ ఎర్రది ఏరుకుంది. నాన్న పోయాక ఆమె ఎరుపు ముట్టడం నేను చూడలేదు. గొప్ప పని చేస్తున్నానని నన్ను నేనే మెచ్చుకున్నాను.

ప్రయాణానికి రెండు రోజుల ముందు బట్టలు సర్దడానికి కోరుట్ల వెళ్లాను. సంచి ఎత్తబోతే చెయ్యి పట్టేసింది. తెరిచి చూస్తే ఎర్ర స్వెట్టర్ కింద, నాన్న పాత ధోవతిలో చుట్టిన ఇత్తడి తాంబాళం. దాంట్లో బీడీల దారపు ఉండ, పసుపు డబ్బా, బీడీలు చుట్టే తునికాకు ఒక కట్ట.

"గిదేందమ్మా?"

"బతుకమ్మకు. గుమ్మడాకు ఆడ దొరుకుతదో లేదోనని అడుగుకు తునికాకు వెట్టిన." నా వైపు చూడకుండా చెప్పింది. "ఆడ నేనెవరో ఎవలకెరుక బిడ్డా. ఒక్కపారి మంచిగ పేర్చి, గా చెరువుల ఇడిసి అస్త."

ఎవరినీ ముట్టనివ్వని పూలను కరువుదీరా తెంపుకోవచ్చని చెప్పి ఆశపెట్టింది నేను. పూల పండుగ అంటే తెంపి, పేర్చి, ఆడి, నీళ్లలో విడవడం తప్ప ఆమెకు మరొకటి తెలియదు. నాకు మాత్రం తెలుసా, ఫోన్లో బొమ్మలు చూడకపోతే?

"తెంపనియ్యరమ్మా," అన్నాను. "ఒక్క పువ్వు ముట్టుకున్నా ఊకోరు. నువ్వు అస్తవని అబద్ధమాడిన."

అమ్మ తిట్టలేదు. తిడితే బాగుండేది. "తెంపకుంటే మరి పండుగేంది?" అని మాత్రం అని, తాంబాళం తీసి గోడకు ఆనించి, చాట ముందుకు లాక్కుంది.

ఇంట్లో ఉండలేక బయటపడ్డాను. ఊరి చివర రోడ్డు పక్కన మోదుగ ఇంకా పూసే ఉంది. కొంగు నిండా దులుపుకుని, బజారులో ఇన్ని బంతిపూలు కొనుక్కుని వచ్చాను. తాంబాళం నడింట్లో పెట్టి తునికాకు పరిచి పేర్చడం మొదలుపెట్టాను. నాకు ఆ విద్య రాదు. మూడో వరసకే ఒక పక్కకు ఒరిగింది.

"కాడలు సమానంగ కత్తిరియ్యవా? జరుగు," అంది అమ్మ. బీడీ కత్తెర చేతిలో ఉండనే ఉంది. ఒక వరస సరిచేసింది, ఇంకో వరస పేర్చింది, ఆ తర్వాత నేను అక్కడ ఉన్నానన్న సంగతే మరిచిపోయింది.

అప్పుడు పక్కింటి పెద్దమ్మ తోడుకు మజ్జిగ కోసం గిన్నె పట్టుకుని గుమ్మంలో నిలబడింది. అమ్మ చెయ్యి ఆగిపోయింది. చీర కొంగుతో తాంబాళాన్ని కప్పేస్తుందేమో అనిపించింది.

"గిదేం కాలమే బతుకమ్మకు?" అంది పెద్దమ్మ.

అమ్మ తల ఎత్తలేదు. "కశ్మీరు పోతున్నం గద. పూలల్లకు పోయే ముంగట చెయ్యి సాపు జేసుకుంటున్న."

పెద్దమ్మ చాలాసేపు చూసింది. తర్వాత గిన్నె కింద పెట్టి, మోకాళ్లు పట్టుకుని అమ్మ ఎదురుగా కూర్చుంది. కత్తెర అందుకుని కాడలు కత్తిరించి ఇవ్వసాగింది. శిఖరం దాకా వచ్చాక అమ్మ చేతులు దులుపుకుని వెనక్కి జరిగింది. పైన పెట్టాల్సిన పసుపు గౌరమ్మను ముత్తైదువులే చేయాలి, నాకంటే పెద్ద ముత్తైదువ పెద్దమ్మ ఎదురుగా ఉండనే ఉంది.

పెద్దమ్మ పక్కనే ఉన్న అమ్మ ప్రయాణపు సంచిలోంచి పసుపు డబ్బా తీసింది. మూత తీసి, కాసిన్ని నీళ్లు పోసి, దాన్ని అమ్మ ముందుకు నెట్టింది.

"మూడేండ్లాయె," అంది. "కలుపు."