కంట్రీకి వెళ్తున్నానన్న అమ్మాయి

మొన్న పొద్దున ఇక్కడ సింగపూర్‌లో, మా బ్లాకు కింద తిండి కొట్లన్నీ ఉండే హాకర్ సెంటర్‌లో కాఫీ ముందు పెట్టుకుని కూర్చుంటే, గోడమీది టీవీలో అమెరికా పటం చూపిస్తున్నారు. ఎన్నికల కబుర్లట. పటమంతా ఎర్ర రంగు పులిమి మధ్యమధ్య నీలం చుక్కలు పెట్టారు, తట్టు పోసిన పిల్లాడి వీపులాగా ఉంది. పక్కన చికెన్ రైస్ తింటున్న మనవరాలిని అదేమిటే అని అడిగితే, ఎరుపు చాలావరకు పల్లెలనీ, నీలం పట్నాలనీ, ఒకరంటే ఒకరికి పడదనీ చెప్పింది. ఎందుకు పడదే అంటే మాత్రం "టూ కాంప్లికేటెడ్ లా, అమ్మమ్మా" అని, ఇక్కడివాళ్ళు ప్రతి మాటకూ తగిలించే ఆ "లా" ఒకటి తగిలించి, ఫోన్‌లో తల దూర్చేసింది. నేను కాఫీ చల్లారిపోయేదాకా ఆ పటాన్నే చూస్తూ కూర్చున్నాను. ఆ ఎరుపులో ఒకమ్మాయి, ఆ నీలంలో ఒకమ్మాయి ఉన్నారు, ఇద్దరూ ఒకప్పుడు నా వంటింట్లో ఒకే గిన్నెలోంచి పప్పుచారు వంచుకుని తిన్నవాళ్ళే.

మా ఆయన పోయాక ఈ క్లెమెంటి ఫ్లాట్‌లో ఒక గది ఖాళీగా ఉంటే, దగ్గర్లోని యూనివర్సిటీలో పరిశోధన చేసుకునే ఆడపిల్లలకు అద్దెకిచ్చాను. అలా వచ్చారు ఇద్దరూ. ఇద్దరిదీ అమెరికాయే అయినా ఇక్కడికి వచ్చేదాకా ఒకరి మొహం ఒకరు ఎరగరు. ఆ ఊళ్ళ పేర్లు నా నోరు తిరగక, వయసునిబట్టి పెద్దమ్మాయి, చిన్నమ్మాయి అని పిలుచుకున్నాను. పెద్దమ్మాయి వాళ్ళ నాన్న మొక్కజొన్న పండిస్తాడు, ఇంటికీ ఇంటికీ మధ్య కనుచూపు మేర పొలమేనట. చిన్నమ్మాయి మహానగరంలో మనలాగే లిఫ్టున్న ఇంట్లో పుట్టి పెరిగింది. పెద్దమ్మాయి కంచం ముందు కళ్ళు మూసుకుని ప్రార్థన చేసుకుంటుంటే, దేవుడి ఊసే పట్టని చిన్నమ్మాయి చెంచా పట్టుకుని అది కళ్ళు తెరిచేదాకా బుద్ధిగా ఆగేది. అది చూస్తే నాకు కడుపు నిండిపోయేది.

ఆ ముచ్చట వాళ్ళ దేశంలో ఎన్నికలు వచ్చేదాకానే. ఫలితాలు వచ్చిన రోజు చిన్నమ్మాయి ఫోన్ చూసుకుంటూ, ఏమీ తెలియని జనమంతా కలిసి ఈ ప్రభుత్వాన్ని మా నెత్తిన పెట్టారు అని విసుక్కుంది. పెద్దమ్మాయి చేతిలోని కంచం సింకులో పెట్టి, చాలా మెల్లగా, "మా నాన్న గురించేనా?" అని అడిగింది. అంతే. ఆ తరువాత ఇద్దరూ ఎడమొహం పెడమొహం. ఫ్రిజ్‌లో పై అర ఒకరిది, కింది అర ఒకరిది అయిపోయింది. ఒకే గదిలో పడుకుంటూ, నాతో మాట్లాడతారు కానీ ఒకరితో ఒకరు ఉలుకూ పలుకూ లేదు. ఎంత ఇబ్బందో చెప్పలేను, నా ఇంట్లో నేనే దొంగలాగా తిరిగేదాన్ని.

నేను ఊరుకుంటానా? ఒక్కొక్కదాన్నీ విడివిడిగా కూర్చోబెట్టి అడిగాను. పెద్దమ్మాయి, మా నాన్న దగ్గర తుపాకీ ఉంది ఆంటీ, పిలిస్తే పోలీసులు ఎప్పటికి వస్తారో తెలియని చోటు మాది, పట్నం వాళ్ళు మా ఓట్లు అడగడానికే తప్ప మా గోడు వినడానికి రారు అంది. పాపం, నిజమే కదా అనుకున్నాను. చిన్నమ్మాయి, మా వీధిలో తుపాకీ చప్పుడు వినబడితే నన్ను మా అమ్మ మంచం కిందికి తోసేది ఆంటీ, మేం ఇంతమందిమి ఉండి కూడా మా మాట చెల్లదు అంది. అయ్యో, ఇదీ నిజమే కదా! ఎవరు చెబితే వారిదే న్యాయం అనిపించేది. మా బ్లాకు పక్కనే పోలీసు పోస్టు, వీధి దాటితే మరో ఊరు, ఆ ఊరూ ఇదే ఊరు. తుపాకీ అనేది జాతీయ దినం పరేడ్‌లో తప్ప చూసి ఎరగనిదాన్ని, నేనేం తీర్పు చెప్పను? తలా తోకా తెలియక నా బుర్ర వేడెక్కిపోయింది.

అయినా మొదట్లో అంత దిగులు పడలేదు. మా తాతలు కోస్తా నుంచి ఓడెక్కి వచ్చినవాళ్ళు. నా చిన్నతనంలో మా నాన్న క్రాంజీ వైపు కంపాంగ్‌లో, అంటే పల్లెలో, కోళ్ళు పెంచేవాడు, పక్కింట్లోనే మా మేనమామ. ఆయనకు ఓడరేవులో ఉద్యోగం. ఈ రేకుల ఇళ్ళు వదిలేసి గవర్నమెంటువాళ్ళు కట్టే ఫ్లాట్లకు పోదాం, పిల్లలు బాగుపడతారు అని మామయ్య అంటే, కోళ్ళను పదో అంతస్తులో మేపమంటావా అని మా నాన్న అగ్గి మీద గుగ్గిలం అయ్యేవాడు. నెలల తరబడి మాటలుండేవి కావు. కానీ రెండిళ్ళకూ బావి ఒక్కటే. మా నాన్న ముందు తోడుకుంటే, వచ్చేటప్పుడు మామయ్య బిందె కూడా నింపి, అటు చూడకుండా వాళ్ళ గుమ్మంలో దబ్బున పెట్టి వచ్చేవాడు. మామయ్య జీతం రోజున మా ఇంటి పిల్లలందరికీ బిస్కెట్లు తెచ్చి, మా నాన్న వినేటట్టు, ఇది మీ నాన్నకు కాదర్రా అనేవాడు. అలాంటివి చూసి పెరిగినదాన్ని కాబట్టి, ఒకే వంటిల్లు వాడుకుంటూ ఈ పిల్లలు ఎన్నాళ్ళు బిగుసుకుంటారులే అనుకున్నాను.

ఒక ఆదివారం పొద్దున్నే పెద్దమ్మాయి వీపుకు సంచీ తగిలించుకుని వంటింటి గుమ్మంలో నిలబడింది. ఏడ్చిన కళ్ళు. "ఐ మిస్ ది కంట్రీ, ఆంటీ. ఐయామ్ గోయింగ్" అని, నేను గ్యాసు కట్టి వెనక్కి తిరిగేలోగా వెళ్ళిపోయింది. దేశానికే ప్రయాణమైందనుకున్నాను. కంట్రీ అంటే మాకు దేశమే కదండీ, పల్లెను మేము కంపాంగ్ అంటాం, మరీ మారుమూల అయితే ఉలు అంటాం. ఫోన్ చేస్తే ఎత్తదు. చిన్నమ్మాయిని లేపి, నీ పంతం పాడుగాను, అది అమెరికా వెళ్ళిపోయిందే అని అరిచాను. ఆ పిల్ల కింద చతికిలబడి, నా వల్లే, నా వల్లే అని ఏడ్చింది. ఏడుస్తూనే గదిలోకి పరుగెత్తి సొరుగు లాగి చూస్తే పాస్‌పోర్టు అందులోనే ఉంది. మంచం కిందికి వంగి చూస్తే, పెద్దమ్మాయి ఊరినుంచి తెచ్చుకున్న పొలం బూట్లు లేవు. అప్పుడు ఏడుపు మధ్యలోనే పకపకా నవ్వింది చిన్నమ్మాయి. "నాట్ కంట్రీ-కంట్రీ లా, ఆంటీ! ఫార్మ్ కంట్రీ!" అని, వాళ్ళ భాషలో పల్లెనూ కంట్రీయే అంటారని చెప్పింది. దేశాన్నీ పల్లెనూ ఒకే మాటతో పిలిచే జనం, ఆ మాట కోసమే ఎందుకిలా కొట్టుకుంటున్నారో నాకు అప్పుడూ అర్థం కాలేదు.

మరి సింగపూర్‌లో పొలమెక్కడుంది? నాకు తెలిసింది క్రాంజీ ఒక్కటే. ఇద్దరం రైలు మారి, స్టేషన్ దగ్గర బస్సెక్కి, ఒక తోట తరువాత ఒకటి వెతుక్కుంటూ పోతే, ఒక ఆకుకూరల తోటలో గట్టు మీద కూర్చుని మట్టి వేళ్ళతో నలుపుకుంటోంది మహాతల్లి. ఫోన్‌లో చార్జింగ్ అయిపోయిందట. చిన్నమ్మాయి వాటేసుకుంటుందనుకున్నాను, ఎక్కడా! చెడామడా తిట్టడం మొదలుపెట్టింది. తిడుతూ తిడుతూ ముందుకు వస్తే చెప్పు బురదలో దిగబడి ఊడి రాలేదు. పెద్దమ్మాయి లేచి ఆ చెప్పు లాగి ఇచ్చింది. ఇంటికి వచ్చేదాకా బస్సులోనూ రైల్లోనూ మళ్ళీ అదే పోట్లాట, అవే తుపాకులు, అవే ఓట్లు. రాజీ పడ్డారా అంటే లేదు. కానీ మాట్లాడుకుంటున్నారు. నేను కిటికీ వైపు తిరిగి కళ్ళు తుడుచుకున్నాను, ఎవరు గెలుస్తారో నాకెందుకు?

చదువులు అయిపోయి ఎవరి ఊరికి వాళ్ళు వెళ్ళారు. కొన్నాళ్ళు బాగానే ఉన్నారు. ఆ తరువాత ఏ ఎన్నికకు ఏ మాట దొర్లిందో ఏమో, పూర్తిగా తెగిపోయింది. ఇప్పుడక్కడ ఒకే వంటిల్లూ లేదు, ఒకే ఫ్రిజ్జూ లేదు. మా నాన్నకు వుడ్‌ల్యాండ్స్‌లో, మామయ్యకు క్లెమెంటిలో ఫ్లాట్లు వచ్చాక వాళ్ళ పోట్లాట కూడా అలాగే ఆగిపోయింది. కుళాయి తిప్పితే నీళ్ళు, ఎవరి బిందె వాళ్ళది. తిట్టుకోవడం మానేసి, పెళ్ళిళ్ళలో కనబడితే బాగున్నారా అంటే బాగున్నారా అనుకుని, ఎవరి లిఫ్టు వాళ్ళెక్కి వెళ్ళిపోయారు. సుఖపడ్డామనే అనుకున్నాం అందరం. సుఖపడ్డామో లేదో ఇప్పటికీ నాకు తెలియదు.

ఆ రోజు టీవీ చూసి ఇంటికి రాగానే ఫోన్ తీస్తే పెద్దమ్మాయి మెసేజ్. ఆంటీ ఎలా ఉన్నారు, తను బాగుందా, నేనడిగానని చెప్పకండి. మర్నాడు చిన్నమ్మాయి నుంచి ఇంచుమించు అదే మెసేజ్, అదే ఒట్టు. ఎవరి ఒట్టు నిలబెట్టాలో తెలియక రెండు రోజులు కొట్టుకులాడి, చివరికి మనవరాలి చేత ఇద్దరినీ ఒకే గ్రూపులో పెట్టించాను. దానికి పేరేమిటని అడిగితే 'బావి' అని పెట్టమన్నాను, ఆ మాట వాళ్ళకు తెలియకపోతే అడుగుతారు కదా అని. తిన్నారా అమ్మాయిలూ, అని ఒక్క ముక్క పంపాను. ఇద్దరూ చూస్తేనే గాని మెసేజ్ పక్కనుండే టిక్కు గుర్తులు నీలంగా మారవట, మారాయి. జవాబు మాత్రం ఇంకా రాలేదు. ఒకసారి పెద్దమ్మాయి పేరు పక్కన ఏదో రాస్తున్నట్టు కనిపించి ఆగిపోతుంది, ఒకసారి చిన్నమ్మాయి పేరు పక్కన. నేను పప్పుచారు పొయ్యి మీద పెట్టి, ఫోన్ పక్కనే పెట్టుకుని కూర్చున్నాను.