తమ్ముడి కేసుకి లాయరు దొరికారు

మ్యాట్లు వెయ్యని సిమెంటు నేల మీద కబడ్డీ ఆడించారు. మా తమ్ముడు పడి వెన్నెముక విరిగింది. పోటీలు పెట్టినవాళ్ళ మీద కేసు వేద్దామని ఈ రోజు నాన్న, నేను అమలాపురం వెళ్ళాం.

మొదటి లాయరు గారు సగం కూడా వినకుండానే, "గెలిచేసినట్టేనండీ" అన్నారు. రెండో ఆవిడ అంతా విని, "కేసు వెయ్యడం మీ తమ్ముడికి ఇష్టమేనాండీ? ఆయన్ని అడిగేరా?" అన్నారు.

మేం అడగలేదు. ఈవిడే మన లాయరు అని అక్కడే అనుకున్నాం.

ఇంటికొచ్చి తమ్ముణ్ణి అడిగాను. వాడు గోడవైపు చూస్తూ, "వెయ్యండక్కా. ముందు నేను మళ్ళీ నడుస్తానో లేదో నిజం చెప్పు" అన్నాడు.

నడవలేడని డాక్టరు గారు మాకు ఎప్పుడో చెప్పేశారు. మంచి లాయర్ని వెతకడమే కష్టమనుకున్నాను పొద్దున. మీరైతే వాడికి ఏం చెబుతారండీ?