గౌరమ్మ ప్రెసిడెంటు అయిన ఏడాది

కరోనా మాస్కులు మూతి మీంచి గడ్డం కిందికి దిగిన ఏడాది అది. ముప్పై మూడేళ్లు నర్సుగా చేసి రిటైరైన నేను ఇంట్లో ఊరికే కూర్చోలేక, ఖరగ్‌పూర్‌లోని ఝపటాపూర్ పేటలో మా డాక్టర్ దీదీ నడిపే మహిళా ఆరోగ్య సమితిలో రోజూ పొద్దున పూట పనిచేసేదాన్ని. సమితి అంటే పెద్దగా ఊహించుకోకండి. టైలరు షాపు పక్కన రెండు గదులు. ముందు గదిలో బెంచీలు, వెనక గదిలో పరీక్ష బల్ల, మధ్యలో ఆకుపచ్చ తెర. జీతమంటూ తీసుకునేది ఒక్క గౌరమ్మే. తాళం తీసేది, నీళ్లు కాచేది, బల్ల తుడిచేది, పేర్లు పిలిచేది ఆవిడే. ఏడో తరగతి దాకా చదువుకుంది. రైల్వే వర్క్‌షాపులో పనిచేసే భర్త పోయి అప్పటికి పదేళ్లు దాటింది.

మేము ముఖ్యంగా చేసేది వి.ఐ.ఎ. అనే పరీక్ష. గర్భాశయ ముఖద్వారానికి పలచని ఎసిటిక్ యాసిడ్, అంటే వెనిగర్‌లాంటి ద్రావణం, దూదితో అద్ది ఒక నిమిషం చూస్తాం. తెల్లటి మచ్చ తేలితే పై పరీక్షకి పంపుతాం. అయిదు నిమిషాల పని. నొప్పి లేదు, కోత లేదు. కానీ ఆ అయిదు నిమిషాలకి ఆడదాన్ని ఆ బల్ల మీదికి రప్పించడం ఉంది చూశారూ, అది మాత్రం బ్రహ్మప్రళయం. కరపత్రాలు పంచాం. టోటోకి, అదే బ్యాటరీ రిక్షాకి, మైకు కట్టి వీధులన్నీ తిప్పాం. మైకులో గర్భాశయం అన్న మాట వినగానే తలుపులు టపటపా మూసుకున్నాయి. మొదటి కేంపుకి వచ్చినవాళ్లకంటే మేము వేసిన కుర్చీలే ఎక్కువ.

అప్పుడు నాకు తట్టింది పేరంటం. మా తాత శ్రీకాకుళం నుంచి వర్క్‌షాపు పనికి వచ్చాడు. ఈ ఊళ్లో తెలుగు ఇళ్లన్నీ అలా వచ్చినవే. తరాలు మారినా మా ఆడవాళ్లకి ఒక్కటి మారలేదు. బొట్టు పెట్టి పిలిస్తే ఎవరూ కాదనరు, అత్తగారైనా కోడల్ని ఆపదు. నేను పట్టుచీర కట్టి, కుంకుమ భరిణ పట్టుకుని, లైను క్వార్టర్లన్నీ తిరిగి గడపగడపకీ బొట్టు పెట్టి కేంపుకి పిలిచాను. వచ్చినవాళ్లకి శనగలు, తాంబూలం. ఇంకేముంది, జనం తండోపతండాలుగా వచ్చేశారు. అలా వరసగా మూడు కేంపులు చేశాం. డాక్టర్ దీదీ నా భుజం తట్టి, "సత్యవతీ, తుమి తో కమాల్ కోరే దిలే" అంది, అద్భుతం చేశావని. నేను అమాంతం ఓ అడుగు ఎత్తు పెరిగాను. అబద్ధమెందుకు, నా అంత తెలివైనది ఖరగ్‌పూర్ మొత్తం మీద లేదనుకున్నాను.

ఆ రోజుల్లోనే దీదీ మోకాళ్లు బొత్తిగా మొరాయించాయి. కోల్‌కతాలో చెల్లెలి దగ్గరికి వెళ్లిపోతానని, హోలీ వెళ్లాక సమితికి కొత్త ప్రెసిడెంటుని ఎన్నుకోమని చెప్పింది. రెండు పేర్లు బయటికొచ్చాయి. ఒకటి మా సలహాదారు రావుగారిది. రైల్వేలో ఆఫీసరుగా చేసి రిటైరయ్యారు, పెద్దమనిషి, ఇంగ్లీషులో ఉత్తరం రాస్తే కలెక్టరాఫీసు కూడా జవాబిస్తుంది. రెండోది నాది. ఆడవాళ్ల ఆరోగ్యానికి మగాయన ప్రెసిడెంటేమిటి అని నేనే నలుగురి దగ్గరా గొణిగాను. నాకు ఆ కుర్చీ కావాలి. ఎంత కావాలంటే, మొదటి మీటింగులో ఏం మాట్లాడాలో అన్నం వండుకుంటూ మనసులో చెప్పుకునేదాన్ని.

మూడో పేరంటం కేంపు అయిన మర్నాడు రిజిస్టరు ముందేసుకుని మురిసిపోతున్నాను. గౌరమ్మ నేల తుడవడం ఆపి లేచి నిలబడింది.

"సిస్టరమ్మా, ఓ మాటడుగుతాను, కోపం సెయ్యకండి."

"అడుగు."

"మూడు కేంపులు సేసినారు గదా. మొగుడు పోయినోల్లు ఒక్కలైనా వచ్చినారా?"

నాకు ఒళ్లు మండింది. "ఏటే గౌరమ్మా, నాకే పాఠం చెప్తన్నావా? రావొద్దని ఎవలైనా అన్నారా?"

"రావొద్దని ఎవలూ అననేదు. రమ్మని ఎవలూ పిలవనేదు."

అని మళ్లీ కూర్చుని నేల తుడుచుకోసాగింది. నేను రిజిస్టరు తిరగేశాను. మా రిజిస్టరులో వివాహ స్థితి అని ఒక గడి ఉంటుంది. పెళ్లయినవాళ్లకి ఎమ్, భర్త పోయినవాళ్లకి డబ్ల్యు రాస్తాం. పేజీ తర్వాత పేజీ, అన్నీ ఎమ్‌లే. నా చేత్తో రాసినవే. బొట్టు పెట్టి పిలిచేది ముత్తయిదువల్ని. నేను భరిణ పట్టుకుని ఇంటింటికీ వెళ్లి ముత్తయిదువని వెతికి మరీ పిలిచాను. తెల్లవారితే ఎదురుగా కనిపించే గౌరమ్మని కూడా నేను ఒక్కనాడు ఆ బల్ల మీద పడుకోబెట్టి చూడలేదు. ముప్పై మూడేళ్ల సర్వీసు నాది! సిగ్గుతో చచ్చిపోయాను.

"ఇంతకు ముందే ఎందుకు చెప్పలేదే?" అన్నాను.

"మీరు సంబరంగా ఉన్నారు. నాను పనిమనిసిని. అయినా ఇప్పుడు సెప్పకపోతే కుదరదు. పైడమ్మొదిన దగ్గిరికి ఓసారి రావాలి మీరు. నాను సెప్తే ఇనడం నేదు."

పైడమ్మది మూడు వీధుల అవతల. కొడుకు వర్క్‌షాపులో ఫిట్టరు, కోడలు, ఒక మనవరాలు. సైరన్ మోగి కొడుకు డ్యూటీకి వెళ్లాక, కోడలు మనవరాల్ని బడికి తీసుకెళ్లే వేళ చూసి గౌరమ్మ నన్ను తీసుకెళ్లింది. ఎవరింట్లో ఎప్పుడు ఎవరుంటారో ఆవిడకి కంఠోపాఠం. పైడమ్మ వంటింటి గుమ్మంలో కూర్చుని బియ్యం ఏరుతోంది. మనిషి పాలిపోయి ఉంది. నన్ను చూడగానే లేచి లోపలికి పోబోయింది.

"ఒదినా, కూకో. సిస్టరమ్మకి సెప్పు. నాకు సెప్పినట్టే సెప్పు" అని గౌరమ్మ ఆవిడ చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది.

పైడమ్మ చేట పక్కన పెట్టింది. గొంతు తగ్గించి అంది: "ముట్టుడిగి ఏడేల్లయిపోనాదమ్మా. దసరా కాడి నుంచి మల్లీ అవుతన్నాది. ఓ రోజు కనిపించి పోతాది, మల్లీ వస్తాది. మొగుడు పోయిన మనిసికి ఇదేటని ఎవలైనా అంటే నాను బతకగలనా? అందుకే గుడికి మానీసినాను. బట్టలు కూడా కోడలు బైటికెల్లినప్పుడు ఉతుక్కుంతన్నాను."

మా వృత్తిలో దీన్ని పోస్ట్ మెనోపాజల్ బ్లీడింగ్ అంటారు. ముట్లు ఆగిన ఏడాది తర్వాత ఎప్పుడైనా సరే, ఒక్క చుక్క రక్తం కనిపించినా వెంటనే చూపించుకోవాలి. ప్రతిసారీ కేన్సర్ కానక్కర్లేదు. కానీ కాదని తేలేదాకా నర్సుకి నిద్ర పట్టకూడదు. దసరా వెళ్లి అయిదు నెలలు. మేము కేంపులు పెట్టిన నెలలు అవే.

"ఇది ముట్టు కాదు పైడమ్మా. ఇందులో సిగ్గుపడడానికేటీ లేదు. ఇది జబ్బు, చూపించుకుంటే తగ్గుద్ది. మేము మీ వీధికి మూడుసార్లు వచ్చాం కదా, ఒక్కసారైనా రావొద్దా?"

ఆవిడ తలెత్తి నా మొహంలోకి చూసింది. కోపం లేదు, నిష్ఠూరం లేదు. "మీరే వచ్చినారమ్మా. నా కోడలికి బొట్టెట్టి పిలిసినారు. నాను తలుపెనకాలే నిలబడ్డాను."

ఇన్నేళ్ల ఉద్యోగంలో డాక్టర్ల చేత తిట్లు తిన్నాను, రోగుల బంధువుల చేత శాపనార్థాలు పెట్టించుకున్నాను. ఏదీ ఇంత తగల్లేదు. కళ్లనీళ్లు తిరిగాయి. గౌరమ్మ మాత్రం టైము పోగొట్టలేదు.

"అయిందేదో అయింది. ఒదినా, రేపు ఇదే టయానికి టోటో తెస్తాను. నీ కోడలికి నాను సెప్తాను, నీ కొడుక్కి కోడలు సెప్తాది. నువ్వు సీర మార్సుకుని రడీగా ఉండు, అంతే."

"కోడలేటంటాదో..."

"ఏటీ అనదు. అది నీకంటే ఎక్కువ బెదిరిపోయి ఉన్నాది. అత్త తిండి మానీసినాదేటని నన్ను రెండుసార్లు అడిగినాది."

అదే నిజమైంది. మర్నాడు ఆ కోడలే అత్తగారి చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. డాక్టర్ దీదీ పరీక్ష చేసి అదేరోజు స్కానింగుకి పంపింది. గర్భాశయం లోపలి పొర ఉండాల్సినదానికంటే మందంగా ఉంది. తర్వాత బయాప్సీ, అంటే ఆ పొరలోంచి చిన్న ముక్క తీసి పరీక్షించడం. రిపోర్టు వచ్చేదాకా పది రోజులు. ఆ పది రోజులూ నాకు అన్నం సహించలేదు. ఈవిడకేమైనా అయితే ఆ పాపం నా కుంకుమ భరిణదే అనిపించేది. గౌరమ్మ మాత్రం రోజూ సాయంత్రం పైడమ్మ ఇంటికి వెళ్లి, ఓ గంట కూర్చుని, ఊసులాడి వచ్చేది. జబ్బు మాట ఎత్తేది కాదట.

కేన్సరే. కానీ మొదటి దశలో ఉంది, గర్భాశయం దాటి ఎక్కడికీ పాకలేదు. కోల్‌కతాలో ఆపరేషన్ చేసి గర్భాశయం తీసేశారు. కొడుకు సెలవు పెట్టి వెంట ఉన్నాడు. అక్కడి పెద్ద డాక్టరు, "ఇంకొన్నాళ్లు దాచిపెట్టి ఉంటే మాట వేరేగా ఉండేది, ఈవిడని ఎవరు పట్టుకొచ్చారు?" అని అడిగారట. పైడమ్మ, "మా గౌరి" అందట. ఆ మాట కొడుకు ఫోనులో చెబుతుంటే నాకు ఆనందం ఆగలేదు. టైలరు షాపు వాడికి కూడా మిఠాయి పెట్టాను.

ఇక మీటింగు రోజు. కమిటీ తొమ్మిదిమందిమీ వచ్చాం. దీదీ కుర్చీలో కూర్చుని, రెండు పేర్లున్నాయి, ఎవరైనా మాట్లాడతారా అంది. నేను లేచాను. అన్నం వండుతూ తయారు చేసుకున్న ప్రసంగం ఒక్క ముక్క కూడా గుర్తు రాలేదు.

"నా పేరు తీసేయండి. నేను గౌరమ్మ పేరు చెబుతున్నాను" అన్నాను.

టీ గ్లాసులు తెస్తున్న గౌరమ్మ గుమ్మంలోనే ఆగిపోయింది. "ఓలమ్మ! నానేటి, ప్రెసిడెంటేటి! ఏటి సిస్టరమ్మా, అందరి ముందూ ఆటలా?"

రావుగారు కళ్లజోడు సవరించుకున్నారు. "అమ్మా సత్యవతీ, గౌరమ్మ మంచిది, కాదనను. కానీ ఆఫీసులకి ఉత్తరాలు ఎవరు రాస్తారు? రిపోర్టులు ఎవరు పంపుతారు?"

"రాయడానికి మీరున్నారు, నేనున్నాను. గౌరమ్మ చెబితే మనం రాద్దాం. మనం రాసినవి చదివి ఒక్క ఆడమనిషి ఆ బల్ల మీదికి వచ్చిందా, చెప్పండి?"

వెనక నుంచి ఒకావిడ, పేరు చెప్పను, మెల్లిగా అంది: "కేంపుకి మొదట ప్రెసిడెంటే దీపం వెలిగించాలి కదా. శుభమా అని..."

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "ఆ శుభం పేరుతోనే నేను పైడమ్మని తలుపు వెనక వదిలేశాను. అయిదు నెలలు ఆ మనిషి రక్తం పోగొట్టుకుంటూ బియ్యం ఏరుకుంటూ కూర్చుంది. ఇంకా శుభం కావాలా మీకు?" అని అరిచాను. అరిచినందుకు తర్వాత క్షమాపణ చెప్పాను కానీ, అన్న మాట మాత్రం వెనక్కి తీసుకోలేదు.

దీదీ గౌరమ్మని దగ్గరికి పిలిచింది. "నువ్వు ప్రెసిడెంటువైతే మొట్టమొదట ఏం చేస్తావు?" అని అడిగింది.

గౌరమ్మ ట్రే బల్ల మీద పెట్టి, చెంగుతో చేతులు తుడుచుకుంది. "ఏ ఇంటికెల్లినా, ఆ ఇంట్లో అందరికన్నా పెద్ద ఆడమనిసి ఎవలో ఆవిడని ముందు పిలవాలి దీదీ. పేరెట్టి పిలవాలి. తరవాతే కోడల్లు, కూతుల్లు. పెద్దావిడ వస్తే ఆవిడే మిగతా వోల్లని లాక్కొస్తాది. బొట్టూ గిట్టూ ఆ తరవాత సూసుకోవచ్చు."

"ఏక్‌దమ్ ఠీక్" అంది దీదీ. చేతులెత్తమంటే మొట్టమొదట లేచిన చెయ్యి రావుగారిది. ఆయన పెద్దమనిషి అని ఊరికే అనలేదు నేను. దీపం మాట అన్నావిడ చివర్న ఎత్తింది. ఎత్తింది, అంతే చాలు.

నర్సింగులో మాకు జబ్బుని గుర్తుపట్టడం నేర్పుతారు. అందులో నేను ఎవరికీ తీసిపోను, ఇప్పటికీ. కానీ మన దగ్గరికి రాని మనిషి ఎందుకు రాలేదో తెలుసుకోవడం ఏ క్లాసులోనూ నేర్పలేదు. గౌరమ్మకి అది తెలుసు, ఎందుకంటే పదేళ్లుగా ఆవిడని కూడా ఎవరూ పిలవలేదు. ఇలాంటి సంస్థకి ముందు నిలబడాల్సింది అలాంటి మనిషే అని నాకు పైడమ్మ కేసు చెప్పింది. ఆ కుర్చీ నేను వదులుకున్నానని కొందరు మెచ్చుకుంటారు. వదులుకోవడమేమీ కాదు, అది నాది కానే కాదు.

గౌరమ్మ ప్రెసిడెంటయ్యాక జరిగిన మొదటి కేంపుకి విద్యాసాగర్ ఇండస్ట్రియల్ పార్కులోని ఒక ఫ్యాక్టరీ మేనేజరు వచ్చాడు, తమ దగ్గర పనిచేసే ఆడవాళ్లకి కూడా పరీక్షలు చేయమని అడగడానికి. చేతిలో పూలగుత్తి. గంజిపెట్టిన చీరలో కళ్లజోడు పెట్టుకుని ఉన్న నన్ను చూసి సూటిగా నా దగ్గరికే వచ్చి, "ప్రెసిడెంట్ మేడమ్?" అన్నాడు.

నేను బెంచీ వైపు చూపించాను. గౌరమ్మ ఒక ముసలావిడ పక్కన కూర్చుని, ఆవిడ చెయ్యి తన ఒళ్లో పెట్టుకుని ఏదో వింటోంది. మేనేజరు దగ్గరికి వెళ్లి నమస్కారం పెట్టాడు. గౌరమ్మ తల తిప్పి చూసింది.

"థోడా రుకియే బాబూ. పెద్దమ్మ మాటాడతన్నాది" అని, మళ్లీ ముసలావిడ వైపు తిరిగింది.

ఆయన పూలగుత్తి పట్టుకుని అలాగే నిలబడ్డాడు. నాకు గర్వంతో గుండె ఉప్పొంగిపోయింది. ప్రెసిడెంటు ఆగమంది కదా అని, నేను వెళ్లి ఆయనకి కుర్చీ కూడా వెయ్యలేదు.