పళ్ళ తొడుగు, అమ్మ అరచెయ్యి

నా పై పళ్ళు ముందుకు, కింది పళ్ళు వెనక్కి. నోరు మూసినా రెండు వరుసల మధ్య వేలు దూరుతుంది. ఆ ఎత్తుపళ్ళతోనే ఆదోని కాలేజీలో కబడ్డీ ఆడాను. ఎవరి మోచెయ్యి లేచినా మొదట తగిలేది వాటికే. ఒకసారి ముందు పన్ను అంచు విరిగింది. అమ్మ చూసి ఒకే మాట చెప్పింది: "ఇంకో పన్ను కదిలిందంటే ఆట బంద్."

మాది గుడి సేవ చేసుకునే ఇల్లు. అమ్మ పిల్లలకు స్తోత్రాలు నేర్పేది. ఎంగిలి అంటే మరీ పట్టింపు. నేను కొరికిన జామకాయ ఉన్న పళ్ళేన్ని కూడా ముట్టేది కాదు.

పళ్ళ డాక్టరు నాతో మెత్తని ముద్ద కొరికించి, అచ్చు తీసి, రబ్బరులాంటి తొడుగు చేసిచ్చాడు.

"ఇది పెట్టుకుని పళ్ళు సరిగ్గా కలిస్తే ఒంట్లో బలం పెరుగుతుందంట కదా సార్?" అన్నాను ఆశగా.

"కొందరు అట్లంటారు. నాకైతే నమ్మకం లేదమ్మా. దెబ్బ తగిలితే పళ్ళు నిలుస్తాయి, అంతవరకు సెప్పగలను."

నేను మొదటి మాటే విన్నాను. తొడుగు పెట్టుకుని పరిగెత్తాను, బస్కీలు తీశాను, నిద్ర కూడా పోయాను.

ఎమ్మిగనూరులో పోటీ. తొడుగు తీయకుండా కాపలా కాయడానికి అమ్మ కూడా వచ్చింది. మొదటి కూతకు నేనే పోయాను. నాలుగు అడుగులు వేశానో లేదో ఈల వినబడింది.

"కూత యాడమ్మా? ఏమో నములుతాండావు!" అన్నాడు అంపైరు.

కబడ్డీ అనే అంటున్నానని చెప్పబోయాను. అదీ ఆయనకు అర్థం కాలేదు. జనం ఒకటే నవ్వు. నన్ను బయటికి పంపించారు. ఇన్నాళ్ళూ అన్నీ చేశాను గానీ, ఆ తొడుగుతో ఒక్కసారైనా కూత పెట్టి చూడలేదు. తప్పు నాదే అయినా కోపం మాత్రం తొడుగు మీదే వచ్చింది.

మళ్ళీ లోపలికి వచ్చాక, పట్టు పట్టేటప్పుడు ఒకమ్మాయి మడమ సూటిగా నా మూతికి తగిలింది. పళ్ళు కదల్లేదు. డాక్టరు చెప్పింది నిజమే.

ఆఖరి నిమిషానికి ఒక పాయింటు వెనకబడ్డాం. మా వాళ్ళంతా అవుటై నేనొక్కదాన్నే మిగిలాను. తొడుగుతో పోతే కూత చెల్లదు. తీసి పోతే, పన్ను పోయిందా ఇక ఆటే లేదు. వెనక గీత అవతల నిలబడ్డ అమ్మను చూస్తే ఏడుపొచ్చింది.

అమ్మ అరచెయ్యి చాపింది. "తీసి ఈడ పెట్టు."

"ఎంగిలి..."

"పెట్టమంటే పెట్టు. పోయి నోరు తెరిచి స్పష్టంగా పలుకు. నా పరువు తీయొద్దు."

జొల్లు కారుతున్న తొడుగును ఆ చేతిలో పెట్టి పోయాను. అంత స్పష్టంగా స్తోత్రం కూడా ఎప్పుడూ చదవలేదు. ఇద్దరిని తాకాను. వెనక్కి తిరిగేసరికి మూడో అమ్మాయి కాలు పట్టుకుంది. మధ్యగీతకు జానెడు దూరంలో బోర్లా పడ్డాను. ఓడిపోయాం.

లేచి వచ్చేసరికి అమ్మ చెయ్యి ఇంకా అలాగే చాపి ఉంది. రెండో చేత్తో నా గడ్డం పట్టి, నోరు తెరిపించి, పై వరుస, కింది వరుస లెక్కపెట్టింది.

"అన్నీ ఉండాయి," అంది. "మళ్ళీ పోటీ ఎప్పుడు?"