ఊడవని ఆదివారం

మా అక్క గడియారాలు బాగుచేస్తుంది. ఊరి చివర రోడ్డు ఆగిపోయే చోట మా ఇల్లు. పెరటి గోడ దాటితే అడవే. వచ్చినవాళ్లంతా ఆ చెట్లు చూసి మురిసిపోతారు. కంటికి భూతద్దం తగిలించుకుని ఆవగింజంత మరలు బిగించే మనిషికి మాత్రం వాటివల్ల పట్టపగలే చీకటి. పొద్దున తూర్పు గదిలో, మధ్యాహ్నం వంటింట్లో, సాయంత్రం వరండాలో, వెలుతురు ఎటు పోతే అటు బల్ల ఈడ్చుకుంటూ బతుకుతోంది. యాభై రెండేళ్లు తనకి.

అమ్మానాన్న పోయాక ఇల్లు మా ముగ్గురిదీ అయింది. అన్నయ్యా నేనూ పట్నంలో ఉంటాం. పెళ్లి చేసుకోలేదు కాబట్టి ఇల్లు అక్కే కనిపెట్టుకుని ఉండాలని ఎవరూ అనలేదు, అందరం అనుకున్నాం. మా ఇంట్లో అన్నీ అలాగే జరుగుతాయి. నోరు తెరిచి అడగడం మాకు నామోషీ. చెప్పులు బిగుతైతే నాన్న కంట పడేలా కుంటుతూ తిరగాలే తప్ప, కొత్తవి కావాలనకూడదు. అలా పెరిగాం.

ప్రతి ఆదివారం మేం అక్కడికి వెళ్తాం. అందుకని అక్క శనివారమంతా పని మానుకుని ఆకులు ఊడ్చి, మెట్ల మీద నాచు గీకి, బూజు పట్టిన పరుపులు ఎండలో వేసేది. మేం చూసింది ఆ ఇల్లే.

పోయిన వారం నాకు ఫోన్ చేసింది.

"పట్నంలో గడియారాల కొట్టాయన పిలుస్తున్నాడే. ఎండ పడే కిటికీ పక్కన బల్ల ఇస్తాడట, పైన గది కూడా. ఆదివారంలోగా చెప్పమన్నాడు."

"అన్నయ్యకి చెప్పావా?"

"నేనెందుకు చెప్పడం? ఈ వారం ఊడవను. ఇల్లు చూస్తే వాడికే అర్థమవుతుంది."

ఆదివారం గేటు సగమే తెరుచుకుంది, ఆకులు అడ్డం. మెట్ల మీద వదిన జారబోయి అన్నయ్య చొక్కా పట్టుకుంది. లోపల్నుంచి ముక్కిన వాసన. అక్క గుమ్మంలో నిలబడి అన్నయ్య మొహమే చూస్తోంది.

అన్నయ్య చెప్పులు విడిచి, పాదాలు మునిగే ఆకుల్లోకి చిన్నపిల్లాడిలా గెంతాడు.

"ఎంత బాగుందక్కా! ఇన్నాళ్లూ ఊడ్చి ఊడ్చి పాడుచేశావు. ఇకమీద ఇలాగే ఉంచు!"

"అదృష్టమంటే మీదే వదినగారూ," అంటూ వదిన ఫోటోలు తీసింది.

అక్క నావైపు చూసింది. నాకు అంతా తెలుసు. నేనొక్క ముక్క అంటే చాలు. కానీ అక్క వచ్చేస్తే మనం ఆదివారాలు ఎక్కడికి పోతాం అన్న ఆలోచనే ముందొచ్చింది, సిగ్గులేకుండా.

"అవునక్కా, బాగుంది," అన్నాను.

అక్క నవ్వింది. అందరికీ టీ ఇచ్చింది. సాయంత్రం నేను వరండాలో చెప్పులు వేసుకుంటుంటే, లోపలినుంచి ఫోన్‌లో తన మాట వినిపించింది.

"రాలేనండీ. అబ్బే, గదికేం వంక లేదు. మావాళ్లకి ఈ ఇల్లు బాగా నచ్చిందండీ."

తర్వాత బల్ల ఈడుస్తున్న చప్పుడు. వరండాలో వెలుతురు ఇంకా కాస్త మిగిలి ఉంది. లోపలికెళ్లి బల్లకి రెండోవైపు పట్టుకున్నాను. ఇద్దరం మోసుకొచ్చి అక్కడ పెట్టాం. అన్నయ్య హారన్ కొడితే వెళ్లి కారెక్కాను.