యాదగిరన్న ‘చాలు’ అనకుండానే వెళ్ళిపోయాడు

నిన్న పొద్దున లక్డీకాపూల్ సిగ్నల్ దగ్గర ఫోన్ మోగింది. స్క్రీన్ మీద యాదగిరన్న పేరు.

హలో కూడా అనకుండా, "సారీ అన్నా, ఈ ఆదివారం పక్కా వస్తా" అన్నాను.

అవతల ఆయన కూతురు స్వాతి.

"అంకుల్... డాడీ పోయిండు. పొద్దుగాల్నే, హార్ట్ ఎటాక్."

గ్రీన్ పడింది. వెనక ఒకటే హారన్లు. 

తెలియనివాళ్ళ కోసం చెప్తున్నా. నాంపల్లి స్టేషన్ వెనక సందులో అన్నకు చిన్న షాపు ఉండేది. పూల్ స్టిక్కులు, అంటే బిలియర్డ్స్ లాంటి ఆటలో బంతుల్ని కొట్టే కర్రలు, బాగుచేసేవాడు. ఆబిడ్స్ క్లబ్బుల్లో ఆడే మా బ్యాచ్ మొత్తానికి ఆయనే దిక్కు.

నేను మొదటిసారి వెళ్ళింది నా అతితెలివి వల్లే. స్టిక్ మెరవాలని ఇంట్లో మిగిలిన వార్నిష్ దట్టంగా పూసేశాను. వానాకాలం, చేతికి చెమట. వేళ్ళ మధ్య జారాల్సిన స్టిక్ అతుక్కుపోయింది. గెలిచే గేమ్ పోయింది.

అన్న బొటనవేలితో ఒకసారి తడిమి నా ముఖం చూశాడు.

"గిదేంది? దీంతోని ఆడుతవా, దర్వాజకు బిగిస్తవా?"

వార్నిష్ అంతా గీకేసి, తడిగుడ్డతో తుడిచాడు. చెక్క పాడైపోతుందన్నా అని అరిచాను.

"నూగు లేవనియ్యి, గీకేస్త. ఇప్పుడు లేవకుంటే రేపు నీ చెమటకు లేస్తది."

ఆరాక తడికి పైకి లేచిన ఆ సన్నటి చెక్కపీచు తీసేసి, చెక్కలోకి తేమ దిగకుండా ఆపే సీలర్ పల్చగా పూసి వెంటనే తుడిచేశాడు. చెక్క తాగాలె గానీ మీద నిలవొద్దు అన్నాడు.

ఆయనకొక పట్టింపు ఉండేది. చివర్లో మైనం పూసి తోలుముక్కతో రుద్దే పని మాత్రం ఎవరి స్టిక్‌కు వాళ్ళే చెయ్యాలి. ఎంత పెద్ద ప్లేయరైనా స్టూల్ మీద కూర్చోవాల్సిందే. తాను పక్కన చాయ్ తాగుతూ, చెక్క వేడెక్కిందో లేదో వేలుపెట్టి చూసేవాడు.

"ఇంకా జర."

కాసేపటికి మళ్ళీ, "ఇంకా జర."

మన భుజాలు పడిపోయాక అప్పుడు, "చాలు."

ఆ ఒక్క మాటకు ఎంత సంతోషమో!

పోయిన నెల మళ్ళీ స్టిక్ ఇచ్చాను. "సీలర్ ఆరింది, వచ్చి రుద్దుకో తమ్మీ" అని మూడుసార్లు ఫోన్ చేశాడు. మూడుసార్లూ ఆదివారం అన్నాను. బషీర్‌బాగ్‌లో నా ఆఫీసు నుంచి ఎంత దూరమని? ఒట్టి బద్ధకం. సిగ్గుగా ఉంది.

నిన్న సాయంత్రం అంతా అయ్యాక స్వాతి ఒక గుడ్డసంచి తెచ్చిచ్చింది. నా స్టిక్. తోలుముక్క కూడా దానికే కట్టి ఉంది.

"మీరొస్తరని పక్కకు పెట్టిండు అంకుల్."

ఇవాళ పొద్దున కూర్చొని రుద్దాను. చెక్క వేడెక్కింది. అయినా రుద్దుతూనే ఉన్నాను. ఎక్కడ ఆపాలో తెలియలేదు.

ఒక్కసారి నీ గొంతు వినాలనుందన్నా. తిట్టినా సరే.

చివరికి ఆ మాట నేనే నీకు చెప్తున్నా.

చాలన్నా. మా స్టిక్కుల కోసం ఇన్నేళ్ళు పడ్డ కష్టం చాలు. చేతులు కడుక్కొని, ఇక ప్రశాంతంగా పడుకో.